ఖాళీ ఫోల్డరు

3వ తారీకు

టెస్ట్.

వచ్చింది. నా నంబరుకి నేనే మెసేజ్ పెట్టుకుంటే నాకే వస్తుంది. మంచిదే. తిరిగి ఏమీ అడగదు.

4వ తారీకు

బడి మానేశాక ఇంత రాయడం ఇదే. నోటితో అయితే రెండు ముక్కలకే ఆగిపోతా. ఇక్కడ ఎంతసేపు ఆలోచించుకున్నా ఎవరూ "ఊఁ, చెప్పు చెప్పు" అని తొందరపెట్టరు.

పనిలో చేరా. పులుల ఆఫీసు. అడవి గేటు పక్కన రెండు గదులు. అన్నే తీసుకెళ్ళాడు. లోపల ఒక అక్క ఉంది, పులుల్ని లెక్కపెట్టేది ఆవిడే. నన్ను పేరు అడిగింది. నేను చెప్పేలోపు అన్నే చెప్పేశాడు. వయసు అడిగింది, అదీ అన్నే చెప్పాడు. "ఏంటి, అన్నీ నువ్వే చెప్తున్నావు?" అంది. అన్న నవ్వి, "మావాడికి నోట్లో నాలుక లేదమ్మా. కానీ కళ్ళు చూడండి, చీకట్లో పడిపోయిన నట్టు కూడా వెతికి ఇస్తాడు" అన్నాడు.

ఆ మాటకే పెట్టుకుంది.

చిన్నప్పటి నుంచీ అంతే. డాక్టరు ఎక్కడ నొప్పి అంటే అన్నే చూపించేవాడు.

5వ తారీకు

పని ఇది. చెట్లకి కెమెరాలు కట్టి ఉంటాయి. 16 చోట్ల. ఎదురుగా ఏది కదిలినా అవే ఫోటో తీస్తాయి. మేం వెళ్ళి మెమరీ కార్డులు మార్చి తేవాలి. తర్వాత నేను కంప్యూటర్లో ఒక్కో ఫోటో చూసి ఫోల్డర్లలో వెయ్యాలి. పులి. చిరుత. పంది. దుప్పి. మనిషి. ఖాళీ.

ఎండకి ఆకు ఊగినా ఫోటో పడుతుంది. అవన్నీ ఖాళీ. పదిలో తొమ్మిది అవే. నెలాఖరుకి ఖాళీ ఫోల్డరు చెరిపేస్తారు. దాన్ని ఎవరూ తెరిచి చూడరు.

మనిషి ఫోల్డరు మాత్రం అక్క రోజూ చూస్తుంది. అడవిలోకి వచ్చిన బయటివాళ్ళు ఏ కెమెరా దగ్గర పడితే గస్తీవాళ్ళని అటు పంపుతుంది. గస్తీకి ఎనిమిది మందే ఉన్నారు. అంత అడవికి ఎనిమిది మంది.

గోడకి మేకుకి వైర్లు చుట్టలు చుట్టలుగా వేలాడుతున్నాయి. ఉచ్చులట. పోయిన ఏడాది దొరికినవి. దగ్గరికెళ్ళి చూశా. బండి క్లచ్ వైర్లే. "పందికని పెడతారు. పులికి తెలుస్తుందా అది పందిదని?" అంది అక్క. ఈ అడవిలో పిల్లల్ని పెట్టే ఆడపులులు ఇక నాలుగే ఉన్నాయంట.

అన్న పనిచేసేది బండ్ల షెడ్డులో. ఆ మాట ఎందుకో చెప్పలేదు. అడగలేదు కూడా కదా.

7వ తారీకు

ఈ రోజు ఆఫీసు తాతతో అడవిలోకి. తాత ముప్పై ఏళ్ళుగా పులి అడుగులు చూసే మనిషి. ఒక్క పన్ను లేదు, మాట మాత్రం ఆగదు.

కెమెరా కట్టాక పనిచేస్తోందో లేదో చూడాలంటే ఎవరో ఒకరు దాని ముందు నాలుగు కాళ్ళ మీద పాకాలి. "నాకు మోకాళ్ళు పోయాయి, ఈ రోజు నుంచి ఆఫీసు పులివి నువ్వే" అన్నాడు తాత. పాకా. "ఒరేయ్, అది పులా, తప్పిపోయిన మేకా? కాస్త నడుం ఊపరా!" అన్నాడు. నవ్వొచ్చింది. బయటికే నవ్వా.

11వ కెమెరా కార్డులో మేడమ్ పడింది. ఆడపులి. ఆఫీసంతా మేడమ్ అనే అంటారు. తనిఖీకొచ్చినట్టు నడుస్తుందని తాత పెట్టిన పేరు. ఎడమ పక్క చారల్లో ఒకటి కుర్చీలా వంగి ఉంటుంది, అదీ గుర్తు. దాని వెనకాల పిల్లలు. ఒకటి, దాని తోక కొరుకుతూ రెండోది, ఆ తర్వాత ఫోటోలో మూడోది.

మూడోదాన్ని చూసింది నేనే. పొదలో చెవి ఒక్కటే కనిపించింది.

అక్క నా వీపు మీద ఒక్కటి చరిచింది. "మీ అన్న చెప్పింది నిజమేరా!"

ఇంటికెళ్ళి ఆ ఫోటో ఫోన్లో అన్నకి చూపించా. "అబ్బో, ఫోటోగ్రాఫరు గారు" అన్నాడు. నా టోపీ లాక్కుని తన తలకి పెట్టుకుని అమ్మ ముందు పులిలా నడిచాడు. ఆఫీసువాళ్ళు ఇచ్చిన టోపీ అది. నాకు వదులైతే అమ్మ వెనక పెద్ద పిన్నీసు పెట్టింది.

10వ తారీకు

అన్న షెడ్డు నుంచి గోనెసంచి తెచ్చాడు. మంచం కింద పెట్టాడు. పాత క్లచ్ వైర్లు.

రిపేరుకే అయుంటుంది.

12వ తారీకు

సంచి లేదు.

17వ తారీకు

పిల్లలున్నాయని 11వ కెమెరా కార్డు ఇప్పుడు మూడు రోజులకోసారి మారుస్తున్నాం. ఈ రోజుది నేనే చూశా. దుప్పి, ఖాళీ, ఖాళీ, ఖాళీ, అడవికోడి, ఖాళీ.

తర్వాత మనిషి.

15వ తారీకు ఉదయం 6:12. వంగుని నడుస్తున్నాడు. చేతిలో వైరు చుట్ట, భుజం మీద సంచి. మొహం సగమే పడింది. నెత్తిన టోపీ. వెనక పిన్నీసు.

పక్క టేబులు దగ్గర అక్క ఫోన్లో మాట్లాడుతోంది. తాత గుమ్మంలో కూర్చుని చెప్పులు దులుపుకుంటున్నాడు.

మూడు ఫోటోలు. మూడూ ఖాళీలో వేశా.

వేలు దానంతట అదే వెళ్ళింది.

17, సాయంత్రం

పందుల కోసమే. చేలన్నీ తవ్వేస్తున్నాయని రైతులు అన్న వెంట పడుతున్నారు. నిజంగానే తవ్వేస్తున్నాయి, నేనూ చూశా. పందుల కోసమే.

18వ తారీకు

పందుల కోసమే.

19వ తారీకు

మనిషి ఫోల్డర్లో ఈ వారం 4, 7 కెమెరాలే ఉన్నాయి. కట్టెలకెళ్ళే ఆడవాళ్ళు. గస్తీని అటే పంపింది అక్క. ఏమీ దొరకలేదు.

"11 వైపు ఒక్క మనిషీ లేడు, అదృష్టం. మేడమ్ అక్కడే ఉంటోందిగా" అంది.

నేను నీళ్ళ బాటిలు మూత బిగించా. బిగించిందే మళ్ళీ బిగించా.

20వ తారీకు

మధ్యాహ్నం షెడ్డుకెళ్ళా. అన్న బండి కింద పడుకుని ఉన్నాడు, కాళ్ళే కనబడుతున్నాయి. మొహం కనబడకపోతే కొంచెం తేలిక. పక్కన కూర్చుని చెప్పా.

"అన్నా. 11లో నువ్వు పడ్డావు."

"ఎందులో?"

"కెమెరాలో. నా టోపీతో."

రెంచి చప్పుడు ఆగింది. బయటికొచ్చాడు. చెయ్యి తుడుచుకున్నాడు.

"ఎవరు చూశారు?"

"నేనే."

"నువ్వొక్కడివేనా?"

తలూపా.

"మరింకేంటిరా, ప్రాణం పోయినట్టు మొహం పెట్టావు!" అని నవ్వాడు. "పందులకురా. రైతులు కాళ్ళావేళ్ళా పడితే పెట్టా. పులెంత, ఈ వైరెంత? అది ఒక్క లాగు లాగితే తెగిపోతుంది."

"అక్కడ పిల్లలున్నాయన్నా. మూడు. నీకు చూపించా కదా."

అది విన్నాక నవ్వలేదు. "సరే. రేపు వెళ్ళి తీసేస్తా. ఒట్టు." నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడు. చేతికి గ్రీజు. జుట్టుకి అంటింది, స్నానం చేసినా పోలేదు.

21వ తారీకు

అన్న ఉదయమే వెళ్ళొచ్చాడు. అన్నీ తీసేశానన్నాడు.

హాయిగా ఉంది. రెండు పళ్ళేలు తిన్నా.

23వ తారీకు

తాత ఈ రోజు తన పెళ్ళి కథ చెప్పాడు. పెళ్ళిరోజు పులి అడుగులు కనబడితే వాటి వెంట పోయాడంట. "మీ అవ్వ ఇప్పటికీ అడుగుతుంది, అది ఎవత్తి అని." నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది.

ఖాళీ ఫోల్డరు 30కి చెరిపేస్తారు. ఇంకో వారం.

24వ తారీకు

మేడమ్ పడింది. 22వ తారీకు సాయంత్రం 5:40. 11వ కెమెరా.

ముందు ఎడమ కాలు పైకెత్తి నడుస్తోంది. కాలు లావైపోయింది. దాని చుట్టూ గీతలా ఉంది. పెద్దది చేసి చూశా. వైరు. రెండో కొస నేల మీద ఈడ్చుకుంటూ వెనకాల వస్తోంది. మూడు పిల్లల్లో ఒకటి ఆ కొసతో ఆడుకుంటోంది, పంజాతో కొడుతూ.

ఫోటో తెరిచే ఉంది. వేలు మౌస్ మీదే ఉంది.

పులి ఫోల్డర్లో వేశా. "అక్కా" అన్నా. వినబడలేదు ఆవిడకి. లేచి వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చా.

అక్క ఫోటో చూసి వెంటనే ఫోను అందుకుంది.

24, సాయంత్రం

పశువుల డాక్టరు వస్తున్నాడు. మత్తు సూది వేసి వైరు కోస్తారంట. ముందు అది ఎక్కడుందో దొరకాలి. "ఆ కొస ఏ వేరుకో చిక్కుకుందంటే కట్టేసినట్టే. నీళ్ళు లేకుండా ఈ ఎండల్లో ఎన్నాళ్ళుంటుంది?" అన్నాడు తాత.

"11 చుట్టే వెతుకుదామమ్మా" అన్నాడు కూడా. అక్క కంప్యూటర్లో మనిషి ఫోల్డరు తెరిచింది. "అటు మనిషే రాలేదు తాతా. ఉచ్చు 4, 7 వైపే పెట్టుంటారు. అక్కడ ఇంకా ఉంటాయి, పిల్లలు పడతాయి. ముందు అటు. ఉన్నదే ఎనిమిది మంది."

నేను పక్కనే ఉన్నా.



25వ తారీకు

4 వైపు వెతికారు. లేదు.

11 వైపు వైర్లే లేవు కదా. అన్న తీసేశాడు. కాబట్టి ఇది ఇంకెవరిదో. 4 వైపు నుంచే వచ్చుంటుంది. అక్కకి నాకంటే ఎక్కువ తెలుసు. చదువుకుంది.

26వ తారీకు, మధ్యాహ్నం

7 వైపు వెతికారు. లేదు. తాత ఎండకి కూలబడ్డాడు, మొహం మీద నీళ్ళు కొట్టా. కళ్ళు తెరవగానే "దొరికిందా?" అన్నాడు.

షెడ్డుకెళ్ళా. అన్న ఈసారి బండి కింద లేడు. మొహం ఎదురుగానే ఉంది.

"ఎన్ని పెట్టావన్నా?"

"మళ్ళీ మొదలెట్టావా?"

"ఎన్ని?"

"ఇరవై."

"ఎన్ని తీశావు?"

స్క్రూడ్రైవరు ఇటు పెట్టాడు, అటు పెట్టాడు. "పంతొమ్మిది. ఒకటి తెంచుకుపోయింది. పందే అనుకున్నా."

"ఎప్పుడు తెలుసు?"

"21ననే."

21. నేను రెండు పళ్ళేలు తిన్న రోజు.

"మేడమ్ కాలికుందన్నా అది. ఎక్కడో చిక్కుకుని ఉంది. వాళ్ళు వేరేవైపు వెతుకుతున్నారు."

"ఎవరికైనా చెప్పావా?" భయపడ్డట్టున్నాడు. నా మొహం చూసి తనే తేలికపడ్డాడు. చెంప మీద చిన్నగా తట్టాడు. "నువ్వు చెప్పవులే. నాకు తెలీదా నీ సంగతి? ఇంటికెళ్ళు, అమ్మ చూస్తుంటుంది."

తిట్టినా బాగుండేది.

26వ తారీకు, 4:30

ఆఫీసులో ఎవరూ లేరు. ఖాళీ ఫోల్డరు తెరిచా. 3,880 ఫోటోలు. ఆ మూడూ దొరకడానికి చాలాసేపు పట్టింది.

ఫోనుతో స్క్రీను ఫోటో తీశా.

అక్కకి టైపు చేశా. చెరిపా. మళ్ళీ టైపు చేశా. "అక్కా ఒక మాట." చెరిపా. "11 దగ్గర ఎవరో." చెరిపా. ఎవరో కాదు కదా.

పంపింది ఇది: "11వ కెమెరా. 15వ తారీకు. మా అన్న. ఖాళీలో దాచింది నేనే."

ఫోటో దాని వెనక.

26వ తారీకు, 4:52

చూసింది.

26వ తారీకు, 5:05

"ఎప్పుడు చూశావు నువ్వు?" అని పెట్టింది.

"17న" అని పెట్టా.

ఇక ఏమీ పెట్టలేదు.

27వ తారీకు

వెలుగు రాగానే 11 వైపు వెళ్ళారు. నన్ను రమ్మనలేదు. జీపు వెనక ఎక్కి కూర్చున్నా. దిగమని కూడా ఎవరూ అనలేదు.

కెమెరా నుంచి ఆరువందల అడుగులు. అంతే. తాత లెక్కపెట్టాడు. వాగు గట్టున పెద్ద చెట్టు వేరుకి వైరు కొస చుట్టుకుపోయి ఉంది. నేలంతా గుండ్రంగా దున్నేసినట్టుంది, తిరిగీ తిరిగీ. నీళ్ళు దానికి నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. మేడమ్ వాటిని చూస్తున్నట్టుగా పడుకుని ఉంది. తల నీళ్ళవైపే.

డాక్టరు సూది తియ్యనే లేదు. మెడ కింద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచాడు. "ఒళ్ళింకా వెచ్చగానే ఉంది" అన్నాడు. "నిన్న వచ్చుంటే..." అని నన్ను చూసి ఆగిపోయాడు. అతనికి ఏమీ తెలీదు. చిన్నపిల్లాడినని ఆగాడు.

కుర్చీ చార దగ్గరగా చూశా. ఫోటోలో కంటే చిన్నది.

ఒక పిల్ల దాని పొట్ట దగ్గరే ఉంది. ఇంకా పాల కోసం వెతుకుతోంది. వల వేసి పట్టుకున్నారు. మిగతా రెండూ అలికిడికి పారిపోయాయి. తల్లి లేకుండా అవి వేటాడలేవు, వాటికి ఇంకా ఆర్నెల్లు కూడా నిండలేదు.

గట్టు మీద ఇంకా ఆరు ఉచ్చులు దొరికాయి. బిగించే ఉన్నాయి. పంతొమ్మిది తీశానన్నాడు.

27, సాయంత్రం

24నే చెప్పుంటే 25కి దొరికేది. నీళ్ళైనా తాగేది.

25న చెప్పినా దొరికేదేమో.

26 ఉదయం చెప్పినా.

28వ తారీకు

అన్నని ఫారెస్టు వాళ్ళు ఆఫీసుకి తీసుకొచ్చారు. ఫోటోలో మొహం సగమే ఉంది కాబట్టి ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి గుర్తుపట్టాలంట. నోటితో చెప్పాలంట. రాసిస్తే చాలదా అని అడిగా. రాసిచ్చే అడిగా. చాలదన్నారు.

అన్న బల్లకి అవతల కూర్చున్నాడు. రాత్రి నిద్రపోలేదు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆఫీసరు ఫోటో చూపించి "ఇతను ఎవరు?" అన్నాడు.

అలవాటుగా అన్న వైపు చూశా. చెప్తాడేమో అని. చిన్నప్పటి నుంచీ అంతే కదా.

అన్న తల దించుకున్నాడు.

"మా అన్న" అన్నా.

"గట్టిగా."

"మా అన్న. టోపీ నాది. పిన్నీసు మా అమ్మ పెట్టింది."

నేను బయటివాళ్ళ ముందు ఒక్కసారిగా అంత మాట్లాడటం అదే మొదలు. అన్న తలెత్తి చూశాడు. ఆఫీసరుతో అన్నాడు, "మావాడి కళ్ళు మంచివని ఈ ఆఫీసులో చెప్పింది నేనేనండి."

కోపంగా అనలేదు. అదే బాగోలేదు.

29వ తారీకు

అమ్మ పళ్ళెం పెట్టింది. వడ్డించలేదు. గోడ వైపు తిరిగి అంది, "ఇన్నేళ్ళకి నోరు పెగిలింది నీకు. పెగిలి పెగిలి వాడి మీదే పెగిలిందా?"

నేనే వడ్డించుకున్నా. 

మేడమ్ సంగతి చెప్దామనుకున్నా. నీళ్ళు నాలుగడుగుల దూరంలో ఉన్నాయని. అమ్మకి ఆ నీళ్ళెందుకు ఇప్పుడు.

30వ తారీకు

అక్క పని మానేయమంటుందనుకున్నా. అనలేదు. తాత ఏదో మాట్లాడినట్టున్నాడు.

అక్క ఖాళీ ఫోల్డరు చెరపలేదు. కంప్యూటరు నా వైపు తిప్పింది. "నువ్వు ఖాళీ అన్నవన్నీ మళ్ళీ చూడు. మొదటి రోజు నుంచి. ఒక్కటీ వదలకు." ఎప్పటిలా మాట చివర "రా" అనలేదు. "నాన్నా" అని పిలవలేదు.

2వ తారీకు

మూడు వేలు దాటాయి. ఆకులు. ఎండ. ఆకులు.

ఒకదాంట్లో నేనే ఉన్నా. నాలుగు కాళ్ళ మీద, నడుం ఊపుతూ. మూలకి తాత చెయ్యి, నవ్వుతూ పొట్ట పట్టుకున్నట్టుంది.

4వ తారీకు

దొరికిన పిల్ల బోనులో ఉంది. సీసా పట్టదు. డాక్టరు ఏమీ చెప్పట్లేదు.

మిగతా రెండిటి కోసం 11 దగ్గర రోజూ మాంసం పెడుతున్నాం. నేనూ తాతా. తాత ఇప్పుడు దారిలో మాట్లాడడు. నిన్నటి మాంసం అలాగే ఉంది, చీమలు పట్టి.

6వ తారీకు

మాంసం అలాగే ఉంది.

9వ తారీకు

11వ కెమెరా కార్డు తెచ్చా. 212 ఫోటోలు. ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశా. పొదల్లో, వేర్ల దగ్గర, మూలల్లో. చెవి ఉందేమో, తోక ఉందేమో. రెండుసార్లు చూశా. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, స్క్రీను వల్ల.

అక్క వచ్చి వెనక నిలబడింది. "ఏముంది?" అంది.

"ఖాళీ" అన్నా. వినబడేలాగే అన్నా.

అక్క కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. మౌస్ నా చేతిలోంచి తీసుకుంది. మొదటి ఫోటో తెరిచింది.